వెయ్యి రూపాయల్లో మంచి ఊదా రంగు ఇంకు పెన్ను ఎలా ఎంచుకోవాలి

పోయినేడు మా మేనకోడలు పదో తరగతి పాసైంది. ఏం కొనిపెట్టమంటావే అని అడిగితే, "ఊదా రంగు ఇంకు పెన్ను అత్తా. వెయ్యి దాటితే నాన్న ఊరుకోడు" అంది. ఇరవై ఏళ్లుగా ఇంకు పెన్నుతోనే రాస్తున్నాను కదా, ఇదెంత పని అనుకున్నాను. ఫోన్‌లో వంకాయలా నిగనిగలాడే బొమ్మ ఒకటి చూసి ఆర్డర్ పెట్టాను. డబ్బా విప్పి చూస్తే లోపల ఉన్నది నీలం పెన్ను. పైగా పాళీ ఎంత మొద్దుగా ఉందంటే, పిల్ల తన పేరు రాసుకుంటే అందులో 'ధ' పొట్ట పూడుకుపోయింది. దాని మొహం చూశాక ఈసారి పెన్ను నేనే చేత్తో పట్టుకుని, రాసి చూసి కొనాలని గట్టిగా అనుకున్నాను.

తర్వాత నెల రోజులు షాపులు తిరిగాను, పెన్నులు బాగుచేసే వాళ్లని అడిగాను, చాలా పెన్నులు రాసి చూశాను. అప్పుడు తెలిసిన పద్ధతినే ఇక్కడ వరసగా చెబుతున్నాను. ఒక్కమాట ముందే చెప్పాలి. మనం పెన్ను దగ్గరికి వెళ్లేది రంగు చూసే, అందులో తప్పేమీ లేదు. నచ్చిన రంగు పెన్నునే రోజూ చేతిలోకి తీసుకుంటాం. కానీ డబ్బు పెట్టాల్సింది పాళీ మీద. చేతిలో ఉన్నది తక్కువైనప్పుడు ఈ తేడా మరీ గుర్తుపెట్టుకోవాలి.

1. ఊదా రంగు దేనికి కావాలి: బాడీకా, సిరాకా?

అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇదే. చాలామంది ఈ రెండిటినీ కలిపేసుకుంటారు. ఊదా పెన్ను కొన్నాక అందులో ఊదా ఇంకే పోయాలని నియమం లేదు.

మీరు చదువుకునే వాళ్లయితే, లేదా స్కూలు పిల్లలకి కొంటుంటే, బాడీ ఊదాగా ఉండేది తీసుకుని లోపల నీలం ఇంకు పోయండి. పరీక్షల్లో సాధారణంగా నీలం లేదా నలుపుతోనే రాయమంటారు. బ్యాంకు చెక్కులు, ఆఫీసు ఫారాలు కూడా ఆ రెండు రంగుల్లోనే నింపడం మంచిది. ఆకుపచ్చ సిరా అంటే గెజిటెడ్ అధికారుల సంతకం అని మన దగ్గర ఒక లెక్క ఉంది. ఊదాకి అలాంటి హోదా లేదు, ఆఫీసు పనిలో చోటూ లేదు.

మీకు కావాల్సింది కాగితం మీద ఊదా అక్షరాలైతే దారి వేరు. డైరీ, ఉత్తరాలు, పుస్తకం అంచున రాసుకునే మాటలు, పద్యాలు ఎత్తి రాసుకోవడం, చదివిన నోట్సులో మీ దిద్దుబాట్లు మీరే చేసుకోవడం, వీటన్నిటికీ ఊదా సిరా చక్కగా ఉంటుంది. నల్లగా అచ్చయిన పేజీలో కలిసిపోదు, ఎరుపులా గద్దించినట్టు కూడా అనిపించదు. దీనికి పెన్ను బాడీ ఏ రంగైనా ఫర్వాలేదు. నల్ల పెన్నే కొని డబ్బు మిగుల్చుకోవచ్చు.

రెండూ ఊదాగానే కావాలన్నా వెయ్యి రూపాయల్లో కుదురుతుంది. అయితే ఆ పెన్నుని ఊదా సిరాకే వదిలేయండి, నీలానికి ఇంకోటి ఉంచుకోండి. ఎందుకో సిరా దగ్గర చెబుతాను.

2. మీ ఊదా ఏ ఊదా?

మనకి ఈ రంగుకి పేర్లు చాలానే ఉన్నాయి. వంకాయ రంగు, నేరేడు పండు రంగు, ద్రాక్ష రంగు, డిసెంబరం పూల రంగు. షాపు వాళ్లేమో పర్పుల్, వయొలెట్, ప్లమ్, లైలాక్, లావెండర్ అంటారు. వయొలెట్ అన్నది నీలం వైపు, పర్పుల్ అన్నది ఎరుపు వైపు మొగ్గుతుంది. ప్లమ్ దాదాపు నేరేడు పండు. లైలాక్, లావెండర్ వెలిసిన డిసెంబరాల్లా లేతగా ఉంటాయి. కంపెనీలు ఈ పేర్లని తమకి తోచినట్టు వాడతాయి కాబట్టి పేరు చదివి కొనకండి.

బొమ్మ చూసి అసలే కొనకండి. ఊదా రంగుని ఉన్నదున్నట్టు పట్టుకోవడం ఫోన్ కెమెరాలకి కష్టం. డిసెంబరం పూలదండని ఫొటో తీసి, ఆ ఫొటోని పూల పక్కన పెట్టి చూడండి. చాలా ఫోన్లలో పూలు ఇంకాస్త నీలంగా కనిపిస్తాయి. నా మొదటి ఆర్డర్‌లో జరిగింది దీనికి తలకిందులు. పెన్ను నీలం, బొమ్మ మాత్రం ఊదా.

దీనికి ఒక ఉపాయం కనిపెట్టాను. 2018 నుంచి వస్తున్న కొత్త వంద రూపాయల నోటు రంగు లావెండర్. వెనక గుజరాత్‌లోని పాత మెట్ల బావి రాణీ కీ వావ్ బొమ్మ ఉంటుంది. ఆ నోటు మీ దగ్గరా ఉంటుంది, అమ్మేవాడి దగ్గరా ఉంటుంది. "పెన్ను పక్కన కొత్త వంద నోటు పెట్టి, పగటి వెలుతురులో ఒక ఫొటో తీసి పంపండి" అని అడగండి. ఫొటోలో నోటు రంగు మీ చేతిలోని నోటులాగే ఉంటే పెన్ను రంగుని కూడా నమ్మొచ్చు. ఫొటోలో నోటే నీలంగా వచ్చిందంటే పెన్ను కూడా అంతే మారిందని అర్థం. చిన్న షాపుల వాళ్లు ఇలా అడిగితే సంతోషంగా పంపుతారు. కుదరదన్న చోట నేను కొనలేదు.

3. వెయ్యి రూపాయలని ఎలా పంచుకోవాలి

పెన్నుకి 500 నుంచి 700. సిరాకి 100 నుంచి 150. మిగిలింది కాస్త మంచి కాగితం ఉన్న నోట్‌బుక్‌కి, మెడికల్ షాపులో దొరికే సిరంజికి. ధరలు షాపుని బట్టి మారతాయి కానీ ఈ వాటా దాదాపు అలాగే ఉంచండి. డబ్బంతా పెన్నుకే పెట్టి, అయిదో పదో రూపాయల పల్చటి కాగితం మీద రాస్తే ఎంత మంచి పెన్నయినా పీచులు పీచులుగా పాకుతుంది. అప్పుడు పెన్నుని తిట్టుకుంటాం, తప్పు కాగితానిది.

బంగారు పాళీ మన లెక్కలోకి రాదు, అవసరమూ లేదు. స్టీలు పాళీ చివర గట్టి లోహపు చుక్క ఉంటుంది. కాగితాన్ని తాకేది ఆ చుక్కే. దాన్ని సరిగ్గా నునుపు చేసి ఉంటే స్టీలు పాళీ ఏళ్ల తరబడి హాయిగా రాస్తుంది.

4. పాళీ

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి.

పెన్నుల గురించి ఇంగ్లీషులో వచ్చే సలహాలన్నీ ఇంగ్లీషు అక్షరాలని దృష్టిలో పెట్టుకుని చెప్పినవి. మొదటి పెన్నుకి మీడియం పాళీ తీసుకోండి, నున్నగా జారుతుంది అంటారు. తెలుగు రాసేవాళ్లకి అది సరిపోదు. మన అక్షరాలు గుండ్రంగా ఉంటాయి, పైన తలకట్టు, గుడి, కొమ్ము, కింద ఒత్తు. 'థ' పొట్టలో చుక్క, 'ధ' కింద గీత, 'ఘ', 'ఋ', 'క్ష్మ' లాంటి చోట్ల లోపల మిగిలే ఖాళీ ఆవగింజంత. గీత లావైతే ఆ ఖాళీ పూడుకుపోయి అక్షరం ముద్దయిపోతుంది. ఊదా సిరా అయితే నీలం కన్నా ముదురుగా కనిపిస్తుంది కాబట్టి ఆ ముద్ద మరీ కొట్టొచ్చినట్టు ఉంటుంది.

కాబట్టి తెలుగు ఎక్కువ రాసేవాళ్లు ఫైన్ పాళీ తీసుకోండి. అందులోనూ ఒక తేడా ఉంది. జపాన్ కంపెనీల ఫైన్ బాగా సన్నగా ఉంటుంది. వాళ్లకీ గీతల మీద గీతలుండే లిపి కదా. యూరప్ ఫైన్ జపాన్ మీడియంకి దగ్గరగా ఉంటుంది. చైనా పెన్నుల్లో, మన దేశపు పెన్నుల్లో ఒక్కోటీ ఒక్కోలా ఉంటుంది కాబట్టి రాసి చూడటమే దారి. మీ దస్తూరి చిన్నదైతే జపాన్ ఫైన్, పెద్ద పెద్ద అక్షరాలు రాసేవాళ్లయితే యూరప్ ఫైన్ లేదా జపాన్ మీడియం తీసుకోండి.

ఎడమ చేతివాటం వాళ్లు కూడా సన్నదే తీసుకోవాలి. రాసిన తడి అక్షరాల మీదుగానే వాళ్ల చెయ్యి జరుగుతుంది. గీత ఎంత సన్నగా ఉంటే అంత తొందరగా ఆరుతుంది.

పాళీ బాగుందో లేదో కళ్లతోనే సగం చెప్పొచ్చు. పాళీ మధ్యలో ఒక చీలిక, దానికి ఇటూ అటూ రెండు పాయలు ఉంటాయి. మొనని మీ కంటివైపు తిప్పి పట్టుకుని, ఫోన్ కెమెరా జూమ్ చేసి చూడండి. రెండు పాయలూ ఒకే ఎత్తులో ఉండాలి. ఒకటి పైకి, ఒకటి కిందికి ఉంటే కాగితాన్ని గీరుతుంది. చీలిక మొన దగ్గర మరీ విచ్చుకుని ఉంటే ఇంకు ధారగా దిగుతుంది, లేదా అసలు మొనదాకా రాకుండా ఆగిపోతుంది. వెలుతురుకి ఎదురుగా పెడితే వెంట్రుక వాసి సందు కనిపించాలి, అది మొనకి వచ్చేసరికి దాదాపు కలిసిపోవాలి. పాళీ కింద గాడులతో ఉండే నల్లటి ముక్క నాలుక. అది పాళీకి అంటుకుని, సరిగ్గా మధ్యలో ఉండాలి. పక్కకి ఒరిగితే ఇంకు సరిగ్గా అందదు.

5. రంగు ఎలా వేశారో కూడా చూడండి

ఊదా రంగు పెన్నులు మూడు నాలుగు రకాలుగా తయారవుతాయి. కొన్న ఏడాదికి మీ పెన్ను ఎలా కనిపిస్తుందో దీన్ని బట్టే ఉంటుంది.

ప్లాస్టిక్‌లోనే రంగు కలిపి పోతపోసినవి అన్నిటికన్నా మన్నికైనవి. గీత పడినా లోపలా అదే రంగు కాబట్టి తెలియదు. తక్కువ ధరలో నేను ముందు చూసేది వీటినే. ఇత్తడి గొట్టం మీద రంగు వేసినవి చేతిలో బరువుగా, ఖరీదైనవాటిలా అనిపిస్తాయి కానీ తాళాల గుత్తి ఉన్న సంచిలో వేస్తే అంచుల దగ్గర రంగు పెచ్చులూడి పసుపు బయటపడుతుంది. అల్యూమినియం మీద రసాయన పద్ధతిలో రంగెక్కించినవి మధ్యస్తం. వాటి మీద రంగు పెచ్చులూడదు కానీ లోతుగా గీత పడితే తెల్లగా కనిపిస్తుంది. లోపలి ఇంకు కనబడేలా ఉండే ఊదా పారదర్శక ప్లాస్టిక్ పెన్నులు కూడా ఉంటాయి. ఇంకు ఎంత మిగిలిందో తెలుస్తుంది, పిల్లలకి భలే ఇష్టం.

ఎబొనైట్ గురించి విడిగా చెప్పాలి, అది మన సొత్తు. రబ్బరుని గంధకంతో ఉడికించి గట్టిపరిచిన పదార్థం ఎబొనైట్. పట్టుకుంటే ప్లాస్టిక్‌లా చల్లగా ఉండదు, చేతి వెచ్చదనం పట్టుకుంటుంది. రాజమండ్రిలో కె.వి. రత్నం 1932లో మొదలుపెట్టిన రత్నం పెన్నులు ఈ ఎబొనైట్ కడ్డీలని లేతు మిషను మీద చేత్తో చెక్కి చేసినవే. ఆ స్వదేశీ పెన్ను అందుకుని గాంధీజీ 1935లో మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. రాజమండ్రిలోనే గైడర్ పెన్నులూ ఉన్నాయి. తమిళనాడు తిరువళ్లూరులో రంగా పెన్నుల వాళ్లు రకరకాల రంగు ఎబొనైట్‌తో చేస్తారు. ఎబొనైట్‌లో నలుపు, గోధుమ రంగులే మామూలు. ఊదా కావాలంటే ఆ రంగు కడ్డీ వాళ్ల దగ్గర ఉందో లేదో అడగాలి, ఉంటే ధర మన బడ్జెట్ దాటొచ్చు. సిరా ఊదాగా ఉంటే చాలనుకునే వాళ్లకి మాత్రం నా మొదటి సలహా నల్ల ఎబొనైట్ పెన్నే. మరక పడినా పైకి కనిపించదు, ఇంకు చాలా పడుతుంది, పాళీ మన కళ్ల ముందే సరిచేసి ఇస్తారు. ఒక్కటే జాగ్రత్త, ఎండలో వదిలేస్తే ఎబొనైట్ మెరుపు పోయి వెలిసిపోతుంది.

6. ఇంకు నింపే పద్ధతి

మూడే చూసుకుంటే చాలు. బాడీలోకి నేరుగా ఫిల్లర్‌తో ఇంకు పోసేది, ఇంకు నింపి అమ్మే చిన్న గొట్టం (కార్ట్రిడ్జ్) గుచ్చేది, పెన్ను లోపల అమర్చే చిన్న పంపు (కన్వర్టర్)తో సీసాలోంచి పీల్చేది.

నేరుగా పోసే పెన్నులో ఇంకు రెండు మూడు మిల్లీలీటర్లు పడుతుంది, వారం పది రోజులు చూసుకోనక్కర్లేదు. కానీ సగం ఖాళీ అయ్యాక లోపలి గాలి చేతి వేడికి వ్యాకోచించి ఇంకుని బయటికి నెడుతుంది. పాళీ దగ్గర బొట్టు కారేది అందుకే. మే నెలలో మన ఊళ్లలో ఇది మరీ ఎక్కువ. మూడోవంతు మిగలగానే మళ్లీ నింపేస్తే ఈ టెన్షన్ ఉండదు.

కన్వర్టర్ శుభ్రం, ఇంకు తక్కువ పడుతుంది. కార్ట్రిడ్జ్‌లు కొంటూ పోతే పెన్ను ధర దాటిపోతుంది. ఖాళీ అయిన కార్ట్రిడ్జ్‌నే కడిగి, సిరంజితో సీసాలోంచి నింపుకుంటే ఒక్కటే నెలల తరబడి వస్తుంది. నేను సిరంజి కొనమన్నది ఇందుకే. సూది మొద్దుగా ఉన్నది అడగండి, పిల్లల చేతికి ఇవ్వకండి. ఇంకోటి, ఆ పెన్నుకి మామూలు అంతర్జాతీయ సైజు కార్ట్రిడ్జ్ పడుతుందో, లేక ఆ కంపెనీదే కావాలో కొనేముందే అడగండి. తర్వాత తెలిస్తే లాభం లేదు.

7. ఏ పెన్నులు చూడాలి

జపాన్ ప్లాటినం కంపెనీ ప్రెపీ నా లెక్కలో మొదటిది. పారదర్శకమైన ప్లాస్టిక్, వయొలెట్ రంగు ఉంది, ధర మన బడ్జెట్ లోపే ఉంటుంది. పాళీ మీద 03 అని ఉంటే ఫైన్, 05 అంటే మీడియం. తెలుగుకి 03 తీసుకోండి. మూత లోపల స్ప్రింగ్‌తో నొక్కుకునే మరో చిన్న మూత ఉంటుంది. దానివల్ల నెలలు వాడకపోయినా ఇంకు ఎండదు. ఎప్పుడో ఒకసారి రాసుకునే వాళ్లకి ఇది పెద్ద వరం. దీనికి ప్లాటినం కార్ట్రిడ్జే పడుతుంది, సిరంజి ఉంటే అది ఇబ్బందే కాదు.

బాడీ నిగనిగలాడాలి, కాస్త బరువుండాలి అనుకుంటే చైనా జిన్‌హావ్ పెన్నులు చూడండి. వీటిలో ఊదా రంగు దొరకడం తేలిక. ఎక్స్450, ఎక్స్750 మోడళ్లలో పాళీ పెద్దది, పాడైతే అదొక్కటీ మార్చుకోవచ్చు, మామూలు అంతర్జాతీయ కార్ట్రిడ్జ్ పడుతుంది. కానీ గీత మీడియం వైపే ఉంటుంది, బరువూ ఎక్కువ. పెద్ద చేతులకి, పెద్ద అక్షరాలకి నప్పుతాయి. స్కూలు పిల్లల వేళ్లకి వద్దంటాను.

మన చిన్నప్పటి హీరో పెన్ను గుర్తున్నవాళ్లు ఊదా హీరో కోసం వెతుకుతారు. పాళీ దాచుకున్న ఆ 616 నలుపు, మెరూన్, ఆకుపచ్చల్లోనే ఎక్కువగా వచ్చేది. దాని గీత సన్నం కాబట్టి తెలుగుకి బాగుంటుంది. అందులో ఊదా సిరా పోసుకోండి, అంతే.

పైలట్ మెట్రోపాలిటన్‌లో ఊదా ఉంది, చాలా మంచి పెన్ను, కానీ వెయ్యి దాటే అవకాశం ఎక్కువ. లామీ సఫారీ అంతకన్నా ఖరీదు. ఆ కంపెనీ 2016లో డార్క్ లైలాక్ అని ఒక ఊదా రంగు ఆ ఏడాదికే పరిమితం చేసి విడుదల చేసింది. దానికోసం ఇప్పటికీ జనం వెతుకుతుంటారు, అమ్మేవాళ్లు ఎక్కువ చెబుతుంటారు. పాళీ మాత్రం మామూలు సఫారీ పాళీయే. మొదటి పెన్నుకి అలాంటి వాటి వెంట పడకండి.

8. షాపులో రాసి చూడటం

వీలైతే తప్పకుండా షాపుకి వెళ్లండి. హైదరాబాద్ ఆబిడ్స్‌లో దక్కన్ పెన్ స్టోర్ ఉంది, రాజమండ్రిలో తయారీదారుల దగ్గరికే వెళ్లొచ్చు. మీ ఊళ్లో పాత స్టేషనరీ షాపు ఉన్నా అక్కడ ఒక పెద్దాయన అద్దాల బీరువాలోంచి నాలుగు పెన్నులు తీసి చూపిస్తాడు. ఇంట్లో వాడే నోట్‌బుక్ వెంట తీసుకెళ్లండి. షాపు కౌంటర్ మీద ఉండే నున్నటి కాగితం మీద ఏ పెన్నయినా బాగానే రాస్తుంది.

కొత్త పెన్నులో ఇంకు పోయనివ్వరు. పాళీని ఇంకు సీసాలో ముంచి రాయనిస్తారు, అది చాలు. సున్నాలు, పిచ్చిగీతలు గీయకండి. మీ పేరు, ఊరు, ఆ తర్వాత ఈ మాటలు రాయండి: ధైర్యం, ఋణం, లక్ష్మి, స్వాతంత్ర్యం, ఘంటం, కృష్ణా జిల్లా. పొట్టలు తెరుచుకున్నాయా, ఒత్తులు విడివిడిగా ఉన్నాయా చూడండి. 'ర' తలకట్టు మొదలుపెట్టిన చోట గీత పడకుండా, కాస్త జరిగాక పడుతోందా? ప్రతి అక్షరానికీ అలా అవుతుంటే మొన లోపలి అంచులు మరీ గుండ్రంగా అరిగాయని అర్థం. అది ఇంట్లో బాగయ్యే జబ్బు కాదు, ఇంకోటి అడగండి. అడ్డంగా, నిలువుగా, వాలుగా నాలుగేసి గీతలు గీయండి. ఒక్క వైపే గీరుకుంటే పాయలు ఎత్తుపల్లాలుగా ఉన్నట్టు. షాపు ఆయన చేత్తో సరిచేస్తానంటే చేయించుకోండి, వాళ్లకి ఆ విద్య తెలుసు. మీరు మాత్రం గరుకు కాగితం మీద రుద్దకండి.

మూత బిగించి, విప్పి చూడండి. వదులుగా ఉంటే ఇంకు ఎండుతుంది. మూత వెనక తగిలించి రాస్తే బరువు వెనక్కి లాగుతోందా గమనించండి. క్లిప్పు చొక్కా జేబుకి పట్టుకోవాలి. ఇంకేమీ చూడనక్కర్లేదు.

ఆన్‌లైన్‌లో తప్పనిసరైతే తిరిగి తీసుకుంటారో లేదో ముందు చదవండి. పెట్టె విప్పేటప్పుడు వీడియో తీయండి. ఇంకు పోయకముందే పాళీని నేను చెప్పినట్టు జూమ్ చేసి చూడండి. ఇంకు పోశాక వెనక్కి తీసుకోరు.

9. ఊదా సిరా

ఒకప్పుడు ఊదా అంటే రాజులకే. సముద్రపు నత్తల నుంచి చుక్క చుక్క తీసేవారు. 1856లో లండన్‌లో విలియం హెన్రీ పెర్కిన్ అనే 18 ఏళ్ల కుర్రాడు మలేరియాకి మందైన క్వినైన్‌ని కృత్రిమంగా చేయబోతే అది రాలేదు, గాజు పాత్రలో ఊదా రంగు మిగిలింది. రసాయనాలతో చేసిన రంగులు బజారుకెక్కడం దానితోనే మొదలు. ఇవాళ వంద రూపాయలకి ఊదా సిరా సీసా కొనుక్కోగలగడం వెనక ఆ తప్పిపోయిన ప్రయోగం ఉంది. నాకు ఈ సంగతి తెలిసినప్పటినుంచి ఆ రంగు మీద ఇష్టం ఇంకా పెరిగింది.

మన దేశపు ఇంకుల్లో బ్రిల్ వాళ్లది వయొలెట్ ఉంది, చవక, పెన్నుకి హాని చేయదు. ఇంకాస్త పెట్టగలిగితే పెలికాన్ 4001 వయొలెట్, డయామిన్ ఇంపీరియల్ పర్పుల్ చూడండి. డయామిన్ 30 మిల్లీలీటర్ల చిన్న సీసాల్లోనూ వస్తుంది, రంగు నచ్చుతుందో లేదో చూడటానికి అది చాలు.

నీలం, ఎరుపు కలిపి ఇంట్లో చేసుకోవచ్చా అని అడుగుతారు. ఒకే కంపెనీవి అయితే చేసుకోవచ్చు. రాయల్ బ్లూ మూడు పాళ్లు, ఎరుపు ఒక పాలు చిన్న గాజు సీసాలో కలపండి. ఒక రోజు కదపకుండా ఉంచండి. అడుగున మడ్డి లేకపోతేనే పెన్నులో పోయండి. చుక్క చుక్కగా ఎరుపు పెంచుతూ కాగితం మీద చూసుకుంటే మీకు కావాల్సిన నేరేడు రంగు వస్తుంది. కానీ రాయల్ బ్లూ వెలిసే రంగు. కొన్నాళ్లకి నీలం పోయి, ఎరుపు మిగిలి, మీ రాత గులాబీ వైపు తిరుగుతుంది. దాచుకోవాలనుకునేవి దీనితో రాయకండి. బ్లూ బ్లాక్, పర్మనెంట్ అని రాసి ఉన్నవి కలపకండి.

స్టాంపు ప్యాడ్ సిరా ఊదాగా ఉంటుంది కదా అని కొందరు పోసేస్తారు. అందులో ఆరకుండా ఉండటానికి జిడ్డుగా ఉండే పదార్థం కలుపుతారు, నాలుక గాడులు పూడుకుపోతాయి. చిన్నప్పుడు నోటి పూతకి ఆస్పత్రిలో రాసిన ఊదా మందు జెన్షియన్ వయొలెట్ కూడా పెన్నులోకి పనికిరాదు. బొమ్మలు వేసే ఇండియన్ ఇంకు అన్నిటికన్నా ప్రమాదం, ఎండితే లక్కలా గట్టిపడుతుంది.

ఇక మరక సంగతి. ఊదా రంగులు చాలావరకు గట్టిగా అంటుకునే రకం. పారదర్శక పెన్నులో, తెల్ల కన్వర్టర్‌లో వారాల తరబడి ఉంటే లేత ఊదా ఛాయ ఉండిపోతుంది. రాతకి ఏమీ కాదు కానీ తర్వాత పసుపో ఆకుపచ్చో పోస్తే మురికిగా కనిపిస్తుంది. మొదట్లో ఊదా సిరాకి ఒక పెన్ను వదిలేయమన్నది ఇందుకే. ఊదా రంగు పారదర్శక పెన్నులో అయితే ఈ మరక మరకే కాదు.

10. మొదటిసారి నింపేటప్పుడు

కొత్త పెన్నుని నేరుగా ఇంకులో పెట్టకండి. తయారీలో అంటిన నూనె జిడ్డు పాళీ లోపల ఉంటుంది, ఇంకు తెగి తెగి రావడానికి చాలాసార్లు అదే కారణం. గ్లాసు నీళ్లలో ఒక్క చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, కన్వర్టర్‌తోనో సిరంజితోనో నాలుగుసార్లు నీళ్లు లాగి వదలండి. తర్వాత మంచినీళ్లతో నురగ పోయేదాకా కడగండి. వేడినీళ్లు వద్దు, స్పిరిట్ అసలు వద్దు, ప్లాస్టిక్ పగులుతుంది. పాళీ కిందికి ఉండేలా పాత నూలుగుడ్డలో చుట్టి ఒక రాత్రి ఉంచితే తడంతా గుడ్డ లాగేస్తుంది.

ఇంకు పోశాక పాళీని కిందికి ఉంచి పది నిమిషాలు ఆగండి. దులపకండి, గోడకీ నేలకీ చిమ్మకండి. మొదటి పేజీ కాస్త ముదురుగా, తర్వాత సమంగా వస్తుంది. పెన్నుని గట్టిగా నొక్కకండి. బాల్ పెన్నుకి అలవాటైన చెయ్యి నొక్కుతుంది, మూడు నాలుగు రోజులు గుర్తుపెట్టుకుని తేలిగ్గా పట్టుకుంటే అలవాటు మారుతుంది. మా పిల్లకి వారం పట్టింది.

దానికి చివరికి కొన్నది వయొలెట్ ప్రెపీ, 03 పాళీ, ఒక నీలం ఇంకు సీసా, ఒక బ్రిల్ వయొలెట్, సిరంజి. వెయ్యిలో ఇంకా కొంత మిగిలితే కాస్త దళసరి కాగితం నోట్‌బుక్ కొన్నాం. కాలేజీ నోట్సుకి నీలం కార్ట్రిడ్జ్ పెట్టుకుంటుంది, సెలవుల్లో ఊదా. మార్చిన ప్రతిసారీ నీళ్లు తేటగా వచ్చేదాకా పాళీ కడుగుతుంది. నెలకోసారైనా అలా కడిగితే చాలు, మీ పెన్నూ అలాగే రాస్తుంది.